ఎడమ చెంప

ఈసారి చెవి ఒక్కటే కత్తిరించి పెడితే దొరుకుతాయేమో, మొహమంతా పెడితే ఆ దొంగ వెధవలు ముందే తెలివిమీరి కుడిని ఎడమ చేసేస్తున్నారు, రంగు మార్చేస్తున్నారు, నుదుటి మీద అక్షరాలు పరిచేస్తున్నారు, చెవి జోలికి మాత్రం ఎవడూ పోడు, ఎంత చెయ్యితిరిగిన దొంగకైనా చెవి మీద ధ్యాసుండదు, అనుకుంటూ, స్టూడియో నడిపే ఫొటో ఆయన, కంప్యూటరు తెర మీద నవ్వుతున్న తన భార్య చెవి చుట్టూ గీత గీసి, దాన్ని కత్తిరించి, ఒక బొమ్మ ఇస్తే అలాంటి బొమ్మలు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతికి పెట్టే పేజీలోకి లాగి వదిలాడు, చిన్న చక్రం తిరిగింది, తిరుగుతూనే ఉంది, వెనక గదిలో బీరువా తలుపు కిర్రుమంది, బట్టలు తీస్తోంది కాబోలు, తీసి మడతలు పెడుతోంది కాబోలు, ఈ పూటే తమ్ముడు కారు వేసుకుని వస్తాడట, వాళ్ళింటికి పోతుందట, ఎన్నాళ్ళకి అని అడిగితే చూద్దాం లెండి అంది, చూద్దాం అంటే ఏమిటి, చూడ్డానికేముంది అందులో, ఈ లోపల ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి ఈ పేజీ ఖాళీగా వస్తే తీసుకెళ్ళి చూపించేవాడు, చూడు, ఎక్కడా లేవు, అన్నీ పీకించేశాను, ఇంక ఆ బట్టలు బీరువాలో పెట్టు అనేవాడు, చక్రం ఆగింది, విత్తనాల సంచికి చిల్లు పడ్డట్టు బొమ్మలు జలజలా రాలాయి, ఎవరెవరివో చెవులు, ఒక గుర్రం చెవి, ఒక శంఖం, వాటి మధ్య ఆమె, ఆమె, మళ్ళీ ఆమె, ఎక్కడిదో పళ్ళ డాక్టరు బోర్డు మీద ఆమె, బీమా కంపెనీ కాగితం మీద ఆమె, మోకాళ్ళ నొప్పి తగ్గి మెట్లెక్కుతున్నానంటున్న ఆమె, ముగ్గురు పిల్లల తల్లినని చెప్పుకుంటున్న ఆమె, తమకి ఒక్కరూ పుట్టలేదు, భర్త పోయాడు మంచి స్నేహితులు కావాలి అని రాసుకున్న ఆమె, అది మొదటిసారి చూసినప్పుడు ఆయన తన చెయ్యి తనే గిల్లుకుని చూసుకున్నాడు, చెవి ఉపాయం బాగానే పారింది, మొహం పెట్టినప్పుడు రానివి కూడా వచ్చాయి, అంటే తగ్గలేదు, పెరిగాయి, కలుపు పీకినకొద్దీ పక్క చాలులో లేచినట్టు, వీడి దగ్గర పీకిస్తే వీడి దగ్గర ఎత్తుకున్నవాడి దగ్గర ఇంకొకడు ఎత్తుకుపోయి ఉంటాడు, వాడి దగ్గర మరొకడు.

చేజేతులా చేసుకున్నదే ఇది, గిరాకీల్లో ఎవరి ఫొటో స్టూడియో పేజీలో పెట్టినా మధ్యలో అడ్డంగా స్టూడియో పేరు వేస్తాడు, ఎత్తుకుపోతే ఆ పేరుతో సహా ఎత్తుకుపొమ్మని, ఆమె ఫొటో దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆడలేదు, పేరు పైకి జరిపితే కళ్ళ మీద పడుతోంది, కిందికి జరిపితే నవ్వు మీద పడుతోంది, మధ్యలో ఉంచితే సరిగ్గా ఎడమ చెంప మీదుగా పోతోంది, అంత కష్టపడి శుభ్రం చేసిన చెంప మీద మళ్ళీ అక్షరాలు పులమడమేమిటని ఉత్తగా వదిలేశాడు, ఆ ఎడమ చెంప మీద ఆమెకి పుట్టుకతో వచ్చిన మచ్చ ఉంది, కంటి కింద మొదలై దవడ దాకా, అరచెయ్యంత, వంకాయ రంగు, పెళ్ళినాటి ఫొటో నుంచి నిన్న మొన్నటి దాకా ఆమెని తీసిన ప్రతి ఫొటోలోనూ ఆయన దాన్ని తీసేశాడు, మొదట్లో నెగెటివు మీద సన్నగా చెక్కిన పెన్సిలుతో, ఊపిరి బిగబట్టి, చుక్క పక్కన చుక్క, తరవాత కంప్యూటరు వచ్చాక బాగున్న చోటి నుంచి కాస్త చర్మం తెచ్చి ఇక్కడ పరచడం, పల్లానికి మట్టి తోలి చదును చేసినట్టు, తోలిన ఆనవాలు కూడా తెలియనివ్వడు, ఎవరి మొటిమైనా తీసేటప్పుడు కబుర్లు చెబుతూ తీసేవాడు గానీ ఆమె చెంప దగ్గర మాత్రం మాట్లాడేవాడు కాదు, నువ్వంటే నాకిష్టం అని నోటితో చెప్పడం ఆయన వంశంలో ఎవరికీ చేతకాలేదు, ఆయన చెప్పింది ఇలాగే, పూర్తిచేసి, అచ్చువేసి, తడి ఆరనిచ్చి ఆమె చేతిలో పెట్టేవాడు, బాగుందండీ అనేది, ఎవరి పాపనో చూసి అన్నట్టు, గోడ మీద తగిలించిన ఆ పెద్ద పటాన్ని చూసి వచ్చినవాళ్ళు ఈవిడెవరండీ అనేవాళ్ళు, మా ఆవిడే అనేవాడు, అంతలో ఆమె టీ పట్టుకుని లోపలి గుమ్మంలోంచి వచ్చేది, అడిగినవాళ్ళు ఒకసారి గోడ వైపు, ఒకసారి ఆమె వైపు చూసి టీతోపాటు మాట కూడా మింగేవాళ్ళు, ఆ ఫొటో ఈ గదిలోనే ఈ కిటికీ పక్కనే తీసింది, కంటిపాపల్లో తెల్లటి చిన్న చదరం కనపడుతుంది చూడండి, అది ఈ కిటికీయే, దొంగలు జుట్టు రంగు మార్చారు, చొక్కా మార్చారు, పేరు మార్చారు, కంట్లో కిటికీని మార్చాలని మాత్రం ఎవడికీ తోచలేదు, ఏ దేశంలో ఏ పేరుతో నవ్వుతున్నా ఆమె కళ్ళలో ఈ గది ఉంది, దాన్నిబట్టే ఆయన పోల్చుకుంటున్నాడు.

మొదట చూసింది బావమరిది, ఫోను చేసి బావా, అక్క లేపనాలు అమ్ముతోందేమిటి అని నవ్వాడు, ఏం లేపనం రా అంటే నువ్వే చూడు అని పంపాడు, రెండు ముక్కల బొమ్మ, పక్కపక్కన, వాడకముందు, వాడిన తరవాత, వాడిన తరవాతది గోడ మీది ఫొటోయే, ఉన్నది ఉన్నట్టు, వాడకముందుదీ అదే ఫొటోయే గానీ కుడి చెంప మీద ఎవడో మచ్చ పూశాడు, శుభ్రంగా ఉన్న మొహాన్ని ఎత్తుకెళ్ళి దాని మీద మచ్చ పెట్టి, మా లేపనం రాస్తే ఆ మచ్చ పోయింది చూడండి అంటున్నాడు, ఆయనకి ఒళ్ళు మండింది, మొదట మండింది దొంగతనానికి కూడా కాదు, పనితనానికి, వెలుతురు ఎటు నుంచి పడుతోందో చూసుకోలేదు, అంచులు సిరా ఒలికినట్టున్నాయి, చర్మం మీది నూగు కనపడకుండా పోయింది, ఇదొక చెయ్యీ ఇదొక పనీ, తీరా తల తిప్పి చూస్తే ఆమె వెనకే నిలబడి ఉంది, ఫోను ఇటివ్వండి అంది, వెలుతురులోకి పట్టుకుపోయి రెండు వేళ్ళతో పెద్దది చేసుకుని చూసింది, చాలాసేపు చూసింది, ఫోను తిరిగి ఆయన చేతిలో పెట్టి లోపలికి పోయింది, ఆ పోవడం చూసి ఆయన, తలెత్తుకోలేక పోయింది, నలుగురిలో నవ్వులపాలయ్యానని కుమిలిపోతోంది, ఇక చూస్కో అనుకున్నాడు, ఆ రోజు నుంచి ముందుగదికి ఆమె రావడం తగ్గింది, ఆయన వెతకడం పెరిగింది, ఆ పూసిన మొహాన్ని తన కంప్యూటరులో దాచుకోవడానికి మనసొప్పక దాని చిరునామా ఒక్కటే ఎత్తిరాసి ఫిర్యాదు పెట్టాడు, ఫోనులో ఉన్నది తుడిచేశాడు, బావమరిదికి కూడా చెప్పాడు, నీ దగ్గరున్నది తీసెయ్యి, మీ అక్క పరువు పోతుంది అని.

ఆ ఫిర్యాదుకి, ఆ ప్రకటనని తమ పేజీలో నడిపే కంపెనీవాళ్ళు అడిగింది ఒక్కటే, ఫొటోలో ఉన్నామె ఒక కాగితం మీద ఇవాళ్టి తేదీ రాసి గుండెల దగ్గర పట్టుకోవాలి, ఆ ఫొటో తీసి పంపాలి, ఏ దిద్దుబాటూ చెయ్యకూడదు, చదివి వినిపించాడు, ఆమె, దిద్దకూడదన్నారా అంది, అవును అన్నాడు, సరే పదండి అని వచ్చి స్టూలు మీద కూచుంది, ఎన్నడూ లేనిది తల తనే నిటారుగా పెట్టుకుంది, మామూలుగా ఎడమ చెంప నీడలోకి తిప్పి కూచునే మనిషి ఆ వేళ తిన్నగా కెమెరాకి ఎదురుగా కూచుంది, ఆయన తీశాడు, ఆమె లోపలికి పోయింది, ఆయన తెర మీద వేసుకుని చూశాడు, గోడ మీది ఫొటోనీ దీన్నీ పక్కపక్కన పెట్టాడు, వాళ్ళు పోల్చి చూస్తారు కదా, ఇందులో చెంప ఒకలా అందులో ఒకలా ఉంటే ఈవిడ ఆవిడ కాదంటారు కదా, పని చెడిపోతుంది కదా, ఇవన్నీ అనుకున్నాడో, లేక అనుకునే లోపలే చెయ్యి తనంతట తాను కదిలిందో, టీ చల్లారే లోపు మచ్చ పోయింది, చక్కగా పోయింది, దిద్దినదాన్ని అసలు ఫొటో మీదే, అసలుది చెరిగిపోయేట్టు దాచాడు, ఎప్పుడూ అలాగే దాస్తాడు, అది ఆ చేతికి అలవాటు, పంపాడు, జవాబు ఆమె ఫోనుకే వచ్చింది, ఆమె పేరున పెట్టిన ఫిర్యాదు కదా, మీరు పంపిన బొమ్మ దిద్దినది, రుజువుగా చెల్లదు, ఆమె చదివి నవ్వింది, పెద్దగా కూడా కాదు, ముక్కులోంచి గాలి వదిలినట్టు, యంత్రానికి తెలిసిపోయిందండీ అంది, మళ్ళీ తీస్తాను, ఈసారి ముట్టుకోను, ఒట్టు, అన్నాడు, ఇంక కూచోను అంది, ఆ సాయంత్రమే తమ్ముడికి ఫోను చేసింది.

తలుపు చప్పుడైంది, కారేమోనని కుర్చీలోంచి సగం లేచాడు, కారు కాదు, కుళాయిలు బాగుచేసే ప్లంబరు, మోచేతి దాకా తడిసిన చొక్కాతో, బాబాయ్, ఒక ఫొటో కొట్టు, కార్డుకి అడుగుతున్నారు అన్నాడు, ఈ చొక్కాతోనా అంటే మొహం అడిగారు గానీ చొక్కా అడగలేదు అన్నాడు, స్టూలు మీద కూచోబెట్టి గడ్డం కాస్త దించమన్నాడు, భుజాలు వదులు చెయ్యమన్నాడు, తీశాడు, ప్లంబరు లేచి వచ్చి తెరలోకి తొంగి చూసి, ఇదేంటి బాబాయ్, మా నాన్నని పిలిచి తీసినట్టుంది, కాస్త జుట్టు నల్లగా చెయ్యి, కళ్ళ కింద ఆ సంచులు తియ్యి అన్నాడు, కుదరదు, దిద్దితే కార్డు ఇవ్వరు, ఉన్నది ఉన్నట్టు ఉండాలి, అన్నాడు ఫొటో ఆయన, ఉన్నది ఉన్నట్టు ఉంటే నీ దగ్గరికెందుకు, ఇంట్లో అద్దం లేదా, పిన్నికి చేశావు కదా గోడ మీద, నాకూ అలా చెయ్యి అంటే మాత్రం కుదరదంటావు, ఏం, నేను పరాయివాణ్ణా, అని నవ్వుతూనే అన్నాడు, అందులో ఏ విషమూ లేదు, అయినా ఫొటో ఆయనకి కాగితం కత్తిరించే కత్తి చేతిలో వంకర పోయింది, నాలుగు ఫొటోల్లో ఒకటి చెడింది, మళ్ళీ అచ్చువేసి కవరులో పెట్టి ఇచ్చాడు, ప్లంబరు గుమ్మం దగ్గర ఆగి, పిన్ని ఊరెళ్తోందటగా, వంటింటి కుళాయి చూడమంది, రేపొస్తానని చెప్పు అన్నాడు, ఊరెళ్ళే మనిషి కుళాయి సంగతి ఎందుకు పట్టించుకుంది, తన కోసమేనా, తనొక్కడూ ఉంటాడని సర్దిపెడుతోందా, అంటే చూద్దాం అన్నది నాలుగు రోజుల మాట కాదా.

తెర మూలన చిన్న గంట మోగింది, ఉత్తరం వచ్చింది, ఆమె పేరున పెట్టింది తిరస్కరించాక, ఫొటో తీసినవాడిగా తన పేరున పెట్టిన రెండో ఫిర్యాదు తాలూకు జవాబు, మీ ఫిర్యాదు పరిశీలించాం, ఫొటో తీసింది మీరేనని నమ్ముతున్నాం, సదరు ప్రకటనని పూర్తిగా తొలగించాం, ఆయన మళ్ళీ చదివాడు, కళ్ళజోడు తుడుచుకుని చదివాడు, ఆ చిరునామా నొక్కి చూశాడు, పేజీ లేదు, లేపనం లేదు, ముందూ లేదు తరవాతా లేదు, ఎన్నో ఫిర్యాదుల్లో ఒకటీ అరా నెగ్గాయి గానీ ఇది అన్నిటికన్నా పెద్దది, తలవంపులు తెచ్చింది, అసలు గొడవ మొదలైంది దీంతోనే, పళ్ళ డాక్టరు ఉంటే ఉన్నాడు, బీమా వాడు ఉంటే ఉన్నాడు, వాళ్ళని ఎవడు చూడొచ్చాడు, ఇది పోయింది కదా, కుర్చీలోంచి లేచేటప్పుడు మోకాలు బల్లకి కొట్టుకున్నా నొప్పి తెలియలేదు, ఇంత సంతోషం తనలో ఎక్కడ దాక్కుందో ఆయనకే తెలియలేదు.

తీసేశారు, అన్నాడు వెనక గది గుమ్మంలో నిలబడి, ఏది అంది ఆమె మడత ఆపకుండా, అదే, ఆ లేపనం వాళ్ళది, నా మాట నమ్మారు, పీకేశారు, ఆమె చేతులు ఆగాయి, ఏ ముక్క తీశారు అంది, రెండూ, మొత్తం పోయింది, ఆమె మంచం అంచున కూచుంది, పొద్దుటి నుంచి నా ఫోనులో రావట్లేదేమిటా అనుకున్నాను, మీరేనన్నమాట అంది, ఆయనకి అర్థం కాలేదు, నువ్వు ఆ దరిద్రాన్ని చూస్తున్నావా అన్నాడు, రోజూ అంది, ఎందుకు, ఎందుకంటే ఏం చెప్పను, నా మొహం ఎక్కడైనా ఉందంటే అందులోనే ఉంది, వాడకముందు అన్న ముక్కలో, ఆ పూతా, అది నీ మచ్చలా ఉందా, చేతకానివాడి పని, పైగా కుడి చెంప మీద పెట్టాడు, నీది ఎడమ అన్నాడు, ఆమె ఆయన వైపు జాలిగా చూసింది, ఎడమే లెండి, ఎదురుగా చూసే మీకు, నేను చూసుకునేది అద్దంలోనే కదా, అద్దంలో అది ఆ ఫొటోలో ఉన్న వైపే కనపడుతుంది, బొమ్మల మనిషి, మీకు తెలియనిదా, ఆయనకి తెలుసు, అద్దం సంగతీ నెగెటివు సంగతీ చిన్నప్పుడే తెలుసు, ఆ లెక్క ఆమె మొహానికి వేసి చూడడమే ఎన్నడూ తోచలేదు, ఆమె మాట్లాడింది, ఇన్నేళ్ళలో మాట్లాడినదానికన్నా ఎక్కువ మాట్లాడింది, కోపంగా కూడా కాదు, కుళాయి సంగతి చెప్పినట్టు, చిన్నప్పుడు సంతలో తప్పిపోయాను, మా అమ్మ ఏడుస్తూ కూచుందట, ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళు నన్ను చెయ్యి పట్టుకు తెచ్చి, మచ్చ పిల్ల కోసం వెతుకుతున్నది నువ్వేనామ్మా అని అప్పగించారు, మా అమ్మ ఈ చెంప మీదే కొట్టింది, ఈ చెంప మీదే ముద్దు పెట్టుకుంది, ఇప్పుడు నేను తప్పిపోతే మీరు ఏ ఫొటో చూపించి వెతికిస్తారు చెప్పండి.

ఆయన మనసులోనే వెతికాడు, పెళ్ళి ఆల్బం, అందులో లేదు, గుర్తింపు కార్డు, దిద్దకూడదన్న నియమం లేనప్పటిది, దానికీ తీసింది తనే, అందులో లేదు, కంప్యూటరులో, పాత డబ్బాల్లో నెగెటివులు, ప్రతిదాని మీదా పెన్సిలు, కాగితం పట్టుకుని కూచున్నది, దాని మీదే దాచేశాడు, ఇప్పుడు తీస్తాను, రా, ఒక్కటి, చెయ్యి పెట్టను, తీసి నీ చేతికే ఇచ్చేస్తాను అన్నాడు, ఆమె సంచి గొలుసు లాగింది, వద్దండీ, మీ చెయ్యి ఆగదు, పాపం మీకు తెలియకుండానే కదిలిపోతుంది అంది, ఆ పాపం అన్న మాట కొట్టినదానికన్నా గట్టిగా తగిలింది, నేను చూడ్డానికి బాగోనని ఎవరెవరో అన్నారు, మీరొక్కసారి కూడా అనలేదు, ఆ మాట నిజం, చెరిపారు అంతే, అంది, బయట హారను మోగింది, బావమరిది చెప్పులు చప్పుడు చేసుకుంటూ వచ్చి, బావా, ఆ లేపనంది ఇప్పుడు చూస్తే లేదు, పీకించేశావన్నమాట, శభాష్, అంటూ భుజం తట్టి సంచి అందుకున్నాడు, ఆమె ముందుగదిలోంచి నడిచి పోయింది, గోడ మీది పటం కింద నుంచి, దాని వైపు చూడలేదు, గుమ్మం దాటేటప్పుడు వెలుతురు ఎడమ చెంప మీద పడింది, ఆయన చూశాడు, కంటి కింద పాయలా సన్నంగా మొదలై, చెంప ఎముక దగ్గర వెడల్పయి, దవడ దగ్గర రెండుగా చీలి ఆగే ఆ అంచు, చెరిపేవాడికి అంచు తెలియాలి కాబట్టి ఆయనకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు, కళ్ళు మూసుకుని గీయగలడు, కారు తలుపు పడింది, చప్పుడు మలుపు దాకా వినిపించి ఆగింది, ఆయన తిరిగి వచ్చి కుర్చీలో కూచున్నాడు, తెర మీద ఇంకా ఆ చెవులు, ఆ నవ్వులు, ఎన్నో ఊళ్ళలో ఎన్నో పేర్లతో, ప్రతి కంట్లోనూ ఈ కిటికీ, వీళ్ళలో ఒక్కరు కూడా ఇప్పుడు కారెక్కిన మనిషి కాదు, అందరూ తన చేతిలో పుట్టినవాళ్ళే, ఇన్నాళ్ళూ తన పనిని ఎత్తుకుపోయారని ఊరూరా వెతుక్కుంటూ తిరిగాడు, ఆమెది ఎవడూ ఎత్తుకుపోలేదు, ఎత్తుకుపోవడానికి ఎక్కడా ఉంచలేదు, ఎవడో చేతకాని దొంగ, ఆమె గాలి కూడా సోకనివాడు, వాడి లాభానికి వాడు పూసుకున్న ఆ మచ్చ ఒక్కటి లోకంలో ఆమెదిగా మిగిలి ఉండేది, ఆ ఒక్కదాన్ని కూడా తనే ఫిర్యాదు రాసి, తనే రుజువులు చూపించి, బతిమాలి బతిమాలి చెరిపించాడు.